మూడో చోటు

వేడినీళ్లు పోసినప్పుడల్లా గొర్రె వాసన ఆవిరితో కలిసి లేచి షెడ్డు రేకుల కింద కమ్ముకుంటోంది. పొద్దుటి నుంచి ఇది రెండో చాప. రెల్లుచాప మీద ఉన్ని పరిచి, నీళ్లు చల్లి, చాపతో సహా చుట్టి తాడు బిగిస్తే మనిషి పొడవుకు రెండింతలుండే దూలంలా అవుతుంది. దాని ముందు ఆడవాళ్లు వరసగా మోకాళ్ల మీద కూచుని ముందుకూ వెనక్కూ దొర్లించాలి. అలా మధ్యాహ్నం దాకా దొర్లిస్తే ఉన్ని అతుక్కుని కంబళి అవుతుంది. అరచేతులతో అయ్యే పని కాదది. ముంజేతుల బలం కావాలి. అందుకే ఈ పనికి వచ్చిన మనిషి మొట్టమొదట చేసేది చొక్కా చేతులు పైకి మడుచుకోవడం.

సోనున్‌బు చాప దగ్గర ఆరు చోట్లు. మూడోది మూడేళ్లుగా ఖాళీ. ఖాళీగా ఉంచమని ఎవరూ అనలేదు. ఎవరికి వారే కాస్త ఎడం జరిగి కూచుంటారు. అక్కడ బలం తగలక ప్రతి కంబళీ మధ్యలో జానెడు మేర మెత్తబడుతోంది. రాజధాని బిష్కెక్ నుంచి వచ్చే బేరగాడు సరిగ్గా అక్కడే వేలితో నొక్కి చూసి ధర కోస్తాడు. తన మాట మీద ఇంకో మాట పడనివ్వని సోనున్‌బు ఆ కోతకు మాత్రం ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

ఆ రోజు ఆలస్యంగా వచ్చిన బెర్మెత్ తిన్నగా పోయి ఆ చోట్లోనే కూచుంది. పోయిన శరత్తులో ఈ ఊరి కోడలైన పిల్ల. పనిలో చేరి పది రోజులు కాలేదు. మిగతా నలుగురి చేతులూ ఒక్కసారి నిలిచాయి.

"అక్కడ కాదమ్మా," అంది సోనున్‌బు. "ఆ చివరికి పో."

"ఇక్కడ ఖాళీగా ఉంది కదా పెద్దమ్మా."

"ఉంటే ఉండనీ."

బెర్మెత్ చివరికి జరిగింది. చేతులు మాత్రం మడవలేదు.

"మడుచుకోవే పిల్లా," అంది పక్కనున్న బుబుష్. "విందుకొచ్చినట్టు కూచున్నావు. మాంసం వడ్డించమంటావా?"

"చలిగా ఉంది వదినా."

"నీళ్లు కుతకుతలాడుతుంటే చలేంటే. మీ అమ్మ నిన్ను మంచుకొండ మీద కందా?"

అందరూ నవ్వారు. చాప కదిలింది. నాలుగు దొర్లింపులు కాకముందే బెర్మెత్ చొక్కా చెయ్యి తాడులో చిక్కుకుని చాప ఆగిపోయింది. సోనున్‌బు లేచి వెళ్లి తాడు సడలించి లాగింది. తడిసిన గుడ్డ మోచేతి దాకా చిరిగింది. ముంజేతి మీద పసుపు తిరిగిన మచ్చలు, వాటి మీద నీలం, వాటన్నిటి మీదా నిన్నటి ఎరుపు.

"ఆవు తన్నింది," అంది బెర్మెత్, ఎవరూ అడగకముందే.

"మీ ఆవుకి అయిదు వేళ్లున్నాయేంటే," అంది బుబుష్ అలవాటుకొద్దీ. ఆ పైన నవ్వు రాలేదు.

సోనున్‌బు తాడు మళ్లీ బిగించింది. అయిదుగురూ చాప మీద కళ్లు పెట్టి దొర్లించారు. మూడేళ్ల కిందట, మూడో చోట్లో కూచునే కున్‌దుజ్ చేతులు చూసిన రోజు కూడా సరిగ్గా ఇంతే చేశామని సోనున్‌బుకు తోచింది. ఆ రోజు కూడా తాడు తనే బిగించింది.

పని అయ్యాక బెర్మెత్ ఇంటికి పోలేదు. ఎనిమిది మైళ్లు పాలబండి మీద పోయి పోలీసు ఇన్‌స్పెక్టరును కలిసింది. పొద్దువాలే వేళకు నాలుగు మడతల కాగితం పట్టుకుని సోనున్‌బు గుమ్మంలో నిలబడింది.

"మూడు రోజులు ఆయన నా దగ్గరికి రాకూడదంట పెద్దమ్మా. సంతకం కూడా పెట్టించుకున్నారు."

"మరి ఇంటికి పోవచ్చుగా."

"ఇల్లు ఆయనదే కదా. ఆయన్ని బయటికి పొమ్మని ఇందులో లేదంట. ఇన్‌స్పెక్టరు నన్నే ఎక్కడైనా ఉండమన్నాడు."

సోనున్‌బు కాగితాన్ని తిప్పి చూసింది. కున్‌దుజ్ తెచ్చిందీ ఇలాంటిదే. అదే ముద్ర, అదే మూడు రోజులు. టీ పోసింది, రొట్టె విరిచి ముందు పెట్టింది. ఉన్ని మూటల పక్కన పక్క వేసింది. ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్తుంది. చెప్తే విన్నట్టవుతుంది.

మర్నాడు పొద్దున్నే శరిప్ పెద్దాయన వచ్చాడు. ఊరి పెద్దల పంచాయితీకి ఆయనే తల. అందులో ఆడమనిషి సోనున్‌బు ఒక్కతే. గుర్రం దిగకుండానే మాట్లాడాడు.

"గురువారం పొద్దున కూచుంటున్నాం. ఆ పిల్ల మొగుడు మిర్బెక్ తప్పు ఒప్పుకుంటానన్నాడు. నీ తెల్లగుడ్డ తెచ్చుకో."

"మళ్లీ నేనేనా?"

"నీ చేత్తో కప్పితే పిల్లలు కాదనరమ్మా. మంచి చెయ్యి నీది."

ఊళ్లో పెద్దామె తలమీది తెల్లగుడ్డ తీసి పడితే కత్తులు దూసుకున్నవాళ్లు కూడా ఆగాలన్నది ఇక్కడి కట్టు. ఆలుమగల పేచీ అయితే ఆ గుడ్డ కోడలి తలకు కడతారు. ఆమె ఏడుస్తుంది, మొగుడు తల వంచుతాడు, పెద్దలు రాజీకాగితం మీద సంతకాలు పెడతారు, ఎవరో ఒకరు గొర్రెను కోస్తారు. రాజీకాగితం పోలీసుకు చేరితే కేసు లేదు. గుడ్డ కట్టిన ఆడమనిషి సంతకం లేకపోతే మాత్రం ఆ కాగితం చెల్లదు.

కున్‌దుజ్‌కు కట్టింది సోనున్‌బే. కట్టి, చెవి దగ్గర వంగి, "రాయి పడ్డచోటే బరువమ్మా" అంది. వెళ్లిన ఇంట్లోనే పడి ఉండమని పెళ్లయిన ప్రతి పిల్లకీ తల్లి చెప్పే మాటే అది. తనకూ చెప్పారు. తను ఉండిపోయింది. మోచేతి కింద ఎముక వంకరగా అతుక్కుంది, ఆ చెయ్యి ఈ రోజుకీ పూర్తిగా చాపలేదు, తన ముసలాయన పోయాకే ఇంట్లో చప్పుడు ఆగింది. అయినా ఉండిపోయింది కదా, అని ఆనాడు ధైర్యంగానే చెప్పింది.

గుడ్డ కట్టిన పదకొండో రోజు పొద్దున కున్‌దుజ్ శవాన్ని కడిగిన ఆడవాళ్లలో తనూ ఉంది. ఇంటివాళ్లు మెట్ల మీంచి జారిందన్నారు. వాళ్ల ఇంటికి మెట్లు రెండే. కఫన్ గుడ్డ చుట్టేముందు తలకున్న తెల్లగుడ్డ విప్పింది. అది తను కట్టినదే. ముడి కూడా తనదే.

బుధవారం మిర్బెక్ రాలేదు. కాగితం రావద్దంది కాబట్టి దగ్గరికి రాలేదు. వాగు అవతల గుర్రం మీద కూచుని పొద్దంతా షెడ్డు వైపు చూశాడు. ఎంత దూరంలో ఉండాలో కాగితంలో రాయలేదు.

గురువారం పంచాయితీ గదిలో పొయ్యి రాజేసి ఉంది. అయిదుగురు పెద్దలు, ఇన్‌స్పెక్టరు తలాయ్, ఒక మూల బెర్మెత్, ఇంకో మూల మిర్బెక్. శుభ్రంగా గెడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"తప్పు నాదే," అన్నాడు నేల చూస్తూ. "తాగున్నాను. చూలుగుర్రం పోయిన బాధలో ఉన్నాను. ఇంక చెయ్యెత్తను."

"విన్నావా అమ్మా," అన్నాడు శరిప్ బెర్మెత్‌తో. "మగాడు పదిమందిలో తల వంచాడు. నువ్వేమంటావ్?"

"మీరంతా ఏమంటే అదే," అంది బెర్మెత్. ఆ గొంతులో మనిషి లేదు.

శరిప్ సోనున్‌బు వైపు తిరిగాడు. ఆమె తలమీది తెల్లగుడ్డ మీద చెయ్యి వేసింది. విప్పలేదు. ఇన్‌స్పెక్టరును అడిగింది.

"బాబూ, ఎవరిదైనా గొర్రె దొంగిలిస్తే నువ్వేం చేస్తావ్?"

"కేసు పెడతానమ్మా."

"గొర్రెలాయన వద్దులే అంటే?"

"అంటే ఏముంది. దొంగతనం దొంగతనమే. నేను ఆపలేను. కోర్టు చూసుకుంటుంది."

"మరి ఇది?"

తలాయ్ టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. చిన్నవాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. "ఇది ఆమె పెడితేనే కేసు. ఆమె వెనక్కి తీసుకుంటే నా చేతిలో ఏమీ లేదు. చట్టం నాకిచ్చింది మూడు రోజులు. ఇవాళ సాయంత్రం అయిదుకి అయిపోతాయి. మళ్లీ కొడితే మళ్లీ ఇస్తాను."

"కున్‌దుజ్‌కి మళ్లీ ఇచ్చావా?"

పొయ్యిలో పిడక విరిగి పడింది.

"చచ్చిపోయినవాళ్ల పేరు ఇప్పుడెందుకు," అన్నాడు శరిప్. "అది వేరే ఇల్లు, వేరే సంగతి. కాపురాలన్నాక ఉంటాయి. నువ్వు చెయ్యలేదా కాపురం? చట్టాలంటూ మొదలుపెడితే ఈ ఊళ్లో పొయ్యి వెలిగే ఇల్లు మిగుల్తుందా?"

సోనున్‌బు తన చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచింది. పొద్దున్నే పనికి దిగేముందు మడిచినట్టే. వంకర ఎముక బయటపడింది. ఆ గదిలోని మగవాళ్లలో దాన్ని ఎరగనివాళ్లు లేరు. చూసినవాళ్లూ లేరు.

"చేశాను పెద్దాయనా," అంది. "ఇది విరిచినప్పుడు నన్ను ఈ గదిలోనే కూచోబెట్టారు. మీ నాన్నే పెద్ద. ఆయనా మంచోడే. అప్పుడు ఈ మూడు రోజుల కాగితం కూడా లేదు. ఇప్పుడుంది. మూడు రోజులు ఆపి, నాలుగోరోజుకి మనమే చెయ్యిపట్టి తీసుకెళ్లి అప్పజెప్తున్నాం. కున్‌దుజ్‌ని మొగుడు కొట్టాడు, నేను గుడ్డ కట్టాను. రెండు చేతులూ కలిసే చేశాయి ఆ పని."

"ఏ పని?"

"మెట్లు రెండే పెద్దాయనా."

సోనున్‌బు తలగుడ్డ ముడి సరిచేసుకుని మరింత బిగించింది.

"నేను కట్టను. సంతకం పెట్టను."

"నువ్వు కాకపోతే ఊళ్లో ఇంకో ఆడమనిషి లేదనుకున్నావా?"

"ఉన్నారు. అడగండి."

శరిప్ అడగడానికి స్వయంగా షెడ్డుకు వచ్చాడు. ఆయన వెనక సోనున్‌బు, బెర్మెత్ నడిచారు. బుబుష్ చాప ముందు మోకాళ్ల మీదే ఉంది.

"బుబుష్, నీకూ మనవలున్నారు. వచ్చి ఒక సంతకం చెయ్యి."

బుబుష్ తలెత్తి చూడలేదు. "నా చేతులు తడిగా ఉన్నాయి పెద్దాయనా."

"తుడుచుకుని రా."

"ఈ నీళ్లు తుడిస్తే పోయేవి కావు."

శరిప్ మిగతా ఇద్దరి వైపూ చూశాడు. వాళ్లు బిందెల్లోకి చేతులు ముంచారు. ఆయన గుర్రమెక్కి, ఎటు పోవాలో తోచనట్టు రోడ్డు మీదే ఆగి, చివరికి కింది వీధికి మళ్లాడు. కింది వీధిలో ఇంకా ఇళ్లున్నాయి.

సాయంత్రం నాలుగున్నరకు మిర్బెక్ వాగు దాటాడు. కంచె బయట గుర్రం ఆపి ఫోన్‌లో టైము చూసుకున్నాడు.

లోపల కొత్త చాప పరిచారు. "నేనెక్కడ కూచోను పెద్దమ్మా?" అంది బెర్మెత్.

"నా చోట్లో కూచో."

సోనున్‌బు మూడో చోటికి నడిచింది. మట్టినేల మీద అక్కడ రెండు గుంటలున్నాయి, మోకాలి చిప్పలంత. ఆరేళ్లు ఒకే మనిషి కూచుంటే పడ్డవి. మూడేళ్లుగా ఊడుస్తూనే ఉన్నారు. పూడ్చలేదు. ఆమె మెల్లగా వంగి ఒక మోకాలు పెట్టింది, తర్వాత రెండోది. సరిపోయాయి. నేల చల్లగా ఉంటుందనుకుంది. అప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు వెచ్చగా ఉంది.

బెర్మెత్ చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుంది. కంచె బయటి మనిషికి కూడా కనపడేటంత పైకి.

చాప కదిలింది. సోనున్‌బు వంకర ముంజేతి కింద ఉన్ని మెత్తగా తగిలింది. బలం పెట్టింది. బయట గుర్రం డెక్క మార్చింది. అయిదు కావడానికి ఇంకా పావుగంట ఉంది.