నాలుగో కుర్చీ

నన్ను పరీక్షించబోయే మనిషి చొక్కాకి ఆ ఉదయం నేనే ఇస్త్రీ చేశాను. కాలరు సరిగ్గా రాలేదని మా ఆయన మళ్ళీ చేయించాడు.

మా కాలేజీలో ఆఫ్రికా గురించి చదవాలంటే ఒక్క మేష్టరు చాలడు. చరిత్ర, సాహిత్యం, సంగీతం, ఆర్థికశాస్త్రం చెప్పే నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ప్రశ్నలు వేస్తారు. నలుగురూ సరేనంటేనే పాసు. నాలుగో కుర్చీ మా ఆయనది. మొగుడు కూర్చోవచ్చా అని ముందే అడిగాను. "ఆర్థికశాస్త్రానికి వేరే మనిషి లేడమ్మా. అయినా సొంత మనిషేగా, భయమెందుకు?" అన్నాడు చరిత్ర మేష్టరు. ఆ సొంత మనిషితో కాపురం చేసింది నేను, చరిత్ర మేష్టరు కాదు.

ఆ పరీక్ష కోసం నేను రాసింది అక్కడి పల్లెల్లో ఆడవాళ్ళు ధాన్యం దంచుతూ పాడుకునే పాటల గురించి. వంట ముగించి, అంట్లు తోమి, అత్తగారి కాళ్ళు నొక్కి, మిగిలిన కాస్త వేళలో రాశాను. "దంపుడు నేర్చుకోడానికి కాలేజీ ఎందుకే? వంటింట్లోకి రా, నేను నేర్పుతా" అనేది అత్తగారు. ఆమె ఎన్నిసార్లన్నా ఆయన కొత్తగా విన్నట్టే పగలబడి నవ్వేవాడు.

పరీక్షలో ముగ్గురూ బాగుందని తలూపారు. సంగీతం మేడమ్ ఒక పాట రెండోసారి పాడించుకుంది కూడా. అప్పుడు ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"వాళ్ళు అలసట మరిచిపోడానికి పాడతారని రాశారు మీరు. వాళ్ళ అలసట మీకెలా తెలుసు?"

పెళ్ళయ్యాక ఆయన నన్ను 'మీరు' అనడం అదే మొదలు.

"నేనూ అలసిపోతాను కాబట్టి" అన్నాను.

"ఇంట్లో కూర్చునే మనిషికి అలసటా?" మిగతా ముగ్గురి వైపు తిరిగి నవ్వాడు. "ఇది చదువు కాదండీ, వంటింటి ఏడుపు."

ఫెయిల్ చేశాడు. ముగ్గురూ బల్ల వైపే చూస్తూ కూర్చున్నారు. ఆయన మీద కన్నా వాళ్ళ మీదే నాకు ఎక్కువ మండింది.

సాయంత్రం టీ ఇస్తే, కప్పు అందుకుంటూ అనునయంగా చెప్పాడు. "పెళ్ళాం కదా అని పాస్ చేస్తే జనం నా మొహాన ఉమ్మెయ్యరూ? నా పరువూ చూసుకోవాలిగా. మళ్ళీ రాసినా ఆ కుర్చీలో నేనే ఉంటా, మళ్ళీ ఇంతే. వదిలెయ్యి."

"ఇప్పటికైనా బుద్ధొచ్చిందేమో అడుగు" అంది అత్తగారు లోపల్నుంచి.

ఇస్త్రీపెట్టె పక్కన ఆయన రేపటి చొక్కా ముడతలతోనే ఉంది. దాన్ని అలాగే తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఉండండి, ఆ కుర్చీలో మీరే ఉండండి. మీ పరువుకేం భయం లేదు. ఆ పరీక్షనాటికి నేను మీ పెళ్ళాన్ని కాను."