గ్యాస్ బండా, కాఫీ వాసనా

గాలి పొద్దుటి నుంచి స్థిమితంగా కూర్చోనివ్వడం లేదు. నార్త్ డకోటాలో అక్టోబరు గాలికి వేరే పనేం ఉంటుంది, ట్రైలర్ ఇంటి గోడలు పట్టుకుని ఊపడం తప్ప! వాన పడి, మొగుడూ పెళ్ళాలు పనికొచ్చిన చక్కెర దుంపల కోత ఆగిపోయింది. పని లేని రోజున మార్వాకి కాలు ఒకచోట నిలవదు. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచింది. మడిచిన తువ్వాలు విప్పి మళ్ళీ మడిచింది. ఇంకేమీ తోచక చివరికి కాఫీ కాచే కరెంటు కూజా మీద పడింది. క్యాంపుల్లోని చౌడు నీళ్ళకి దాని అడుగున తెల్లగా పొలుసు కట్టింది. వెనిగర్, నీళ్ళు కలిపి పోసి ప్లగ్గు పెట్టింది. కాసేపటికి కూజా బుడబుడలాడింది, లోపలంతా కళ్ళు మండే పులుపు కంపు.

బయట మొగుడు ఎల్డన్ గ్యాస్ బండ మారుస్తున్నాడు. ట్రైలర్ ముందు, లాగే కొక్కెం వెనక, రెండు బండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి అయిపోతే గొట్టం రెండోదానికి తగిలించాలి. ఇల్లు అమ్మేసి ఈ చక్రాల కాపురంలోకి దిగినప్పటి నుంచీ వంట ఆమెది, గ్యాస్ అతనిది. బిగించాక సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తాయేమో చూడమని ఆమె, ‘నా ముక్కుండగా సబ్బెందుకే’ అని అతను. పోయిన నెల నేల దగ్గరుండే గ్యాస్ అలారం మాటిమాటికీ కూస్తోందని దాన్ని కూడా పీకి సొరుగులో పారేశాడు. చలికి నేల గడ్డకట్టకుండా ట్రైలర్ కింద చుట్టూ అట్టలు కట్టిందీ అతనే. గ్యాస్ బరువైనది, కారితే కిందికే పోతుంది, ఆ అట్టల మధ్య నిలిచిపోతుందని మార్వాకి తెలుసు. ఆ మాట అంటే మళ్ళీ గొడవని ఊరుకుంది. కానీ మనసు ఊరుకోలేదు.

తలుపు తెరుచుకుని ఎల్డన్ చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చాడు. బుడబుడ చప్పుడు విన్నాడు. మొహం విప్పారింది.

“ఆహా! కాఫీ ఘుమఘుమలాడిపోతోందోయ్!”

మార్వా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. వేళాకోళం ఆడుతున్నాడేమోనని మొహంలోకి చూసింది. అదేం లేదు. రోజూ అనే మాట రోజూలాగే అన్నాడు.

“బండ సరిగా బిగించావా?”

“బిగించా. వాసన కూడా చూశా. చుక్క కారడం లేదు. గుడ్లు వేస్తా ఉండు,” అంటూ పొయ్యి దగ్గరి లైటర్ అందుకున్నాడు.

వెనిగర్‌ని కాఫీ అన్న ముక్కుతోనా ఇతను గ్యాస్ వాసన చూసింది! వెనిగర్ కంపులో తన ముక్కు కూడా పనిచెయ్యడం లేదు. అంటే ఇప్పుడు ఈ ట్రైలర్‌లో గ్యాస్ వాసన పట్టేవాళ్ళే లేరు.

“కింద పెట్టు.”

“ఏంటీ?”

“లైటర్ కింద పెట్టి బయటికి నడు. స్విచ్చి కూడా ముట్టుకోకు. నడవమన్నానా!”

“పిచ్చిగానీ పట్టిందా నీకు?” అంటున్నవాణ్ణి కోటు కాలర్ పట్టుకుని మెట్లు దింపింది. గట్టు మీది సబ్బునీళ్ళ గిన్నె రెండో చేత్తో అందుకుంది. గొట్టం పొడుగునా నురగ రాసింది. మర దగ్గర ఏమీ లేదు. వంపు దగ్గర, రబ్బరు పగిలినచోట, బుడగలు గుంపుగా పొంగుకొచ్చాయి. ఆమె గబగబా బండ మీది పిడి తిప్పి కట్టేసి, మోకాళ్ళ మీద కూర్చుని అట్టలు పీకింది. గ్యాస్‌లో కలిపే కుళ్ళిన గుడ్ల కంపు గుప్పుమంది. పాపం, ఆ అలారం నెల్లాళ్ళ కిందటే నిజం చెప్పింది.

“వచ్చి చూడు,” అంది.

అతను పక్కన మోకరిల్లి, ముక్కు నేలకి ఆనించి గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. అలాగే వంగి ఉండిపోయాడు.

“వస్తోందా?”

“లేదు.”

“ఎప్పటి నుంచి?”

“వసంతంలో జ్వరం వచ్చిందే, అప్పటి నుంచి.” అతను లేవలేదు. “మనమ్మాయి ఏమందో గుర్తుందిగా? ఇద్దరిలో ఎవరికి ఏ చిన్న తేడా వచ్చినా ట్రైలర్ అమ్మేసి తన గరాజు మీది గదిలో ఉండమంది. ఆ గదిలోకెళ్తే నేను బతకనే.”

“అందుకని నన్ను చంపుదామనుకున్నావా?”

మార్వాకి ఒళ్ళు మండిపోయింది. భయం కంటే ఎక్కువగా ఇంకొకటి పొడిచింది. దాల్చినచెక్క రొట్టెకి, ఉల్లిపాయల వేపుడుకి, ప్రతి పొద్దుటి కాఫీకి ఆ ‘ఆహా’.

“అయితే ఇన్నాళ్ళూ నా వంట మెచ్చుకున్నదంతా అబద్ధమేగా!”

“అబద్ధం కాదే. ఎలా ఉండేదో గుర్తుంది. గుర్తున్నది చెప్పాను.”

ఆమె లేచి మిగిలిన అట్టలన్నీ ఊడదీసింది. పొద్దుటి నుంచి విసిగించిన గాలే ట్రైలర్ కిందనుంచి ఈడ్చి కొట్టింది. తలుపు, కిటికీలు బార్లా తెరిచి, ఇద్దరూ దూరంగా, ట్రైలర్‌ని లాగే పికప్ బండిలో కూర్చున్నారు. కంపంతా పోయాక లోపలికెళ్ళి ఆమె మొదట చేసిన పని సొరుగులోంచి అలారం తీసి బిగించడం.

“ఇవాళ్టి నుంచి బండలు నావి,” అంది. “నువ్వు ఎత్తిపెట్టు, నేను బిగిస్తా. కొత్త గొట్టం వచ్చేదాకా గ్యాస్ ముట్టుకునేది లేదు.”

“అమ్మాయికి చెప్తావా?”

“ఎందుకు చెప్పనూ? చెప్తా. అలారం బిగించామనీ చెప్తా. నిన్ను ఏ గదికీ తోలనని కూడా చెప్తా.”

కూజా రెండుసార్లు కడిగి, ఈసారి నిజంగా కాఫీ పెట్టింది. బుడబుడ మొదలైంది. ఎల్డన్ బల్ల దగ్గర కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. మార్వా ఆ ఒక్క మాట కోసం తనకి తెలియకుండానే ఎదురుచూసింది. అతను అనలేదు. ఎంత కోపం వచ్చిందో, ఆ మాట లేకపోయేసరికి అంత దిగులూ వేసింది.

“కాఫీ వాసన వస్తోంది,” అంది చివరికి.

అతను తలెత్తాడు. “ఎలా ఉంది?”

ఆమె తడబడింది. ఎన్నేళ్ళుగానో కాస్తున్న కాఫీ, దాని వాసన ఎలా ఉంటుందో ఎవరికైనా చెప్పాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

“కాస్త మాడినట్టు... వాన వెలిశాక కట్టెల కొట్టు తలుపు తీస్తే వస్తుందే, అలా...”

అతను కళ్ళు మూసుకున్నాడు.

“ఇంకా?” అన్నాడు.