మూడు పిడికిళ్ళ మట్టి

పొదిలిలో బయల్దేరిన దగ్గర్నుంచి మద్రాసు చేరేదాకా సర్దార్‌బీ ఆ మూటను ఒళ్ళోంచి దించలేదు. అందులో తిండీ లేదు, బట్టా లేదు. ఉన్నదల్లా వాళ్ళ చేలో తవ్విన నల్లరేగడి మట్టి. రైల్లో పక్కావిడ ఏమిటమ్మా అని అడిగితే "మా అబ్బాయికి" అని ఊరుకుంది.

అబ్బాయి సుభానీ. పటాలంలో చేరి బర్మా యుద్ధానికి వెళ్ళాడు, అంతే సంగతులు. చచ్చాడని ఎవరూ చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు. జాడ తెలియలేదని ఒక తంతి మాత్రం వచ్చింది. యుద్ధం ముగిసింది, దొరలు పోయారు, రాష్ట్రం కూడా మారింది గానీ ఆ జాడ మాత్రం తెలియలేదు. ఆమె మొగుడు ఖాదర్ వలి దూది ఏకే మనిషి. ఏటా చలికాలానికి ముందు కొడుకు పరుపు విప్పించి, దూది మళ్ళీ ఏకించి, కుట్టించి పెట్టేదామె. దాని మీద పిల్లిని కూడా ఎక్కనిచ్చేది కాదు. తామిద్దరూ ఈతచాప మీదే పడుకునేవాళ్ళు.

మొన్న బడిపంతులు లక్ష్మీనరసింహం గారు మద్రాసు వెళ్ళి, యుద్ధంలో పోయిన సిపాయిల తోటలో సుభానీ పేరు రాతి మీద చూశానని చెప్పారు. సర్దార్‌బీ ఏడ్చినంత ఏడ్చి, లేచి చేలోకి పోయి మట్టి తవ్వుకొచ్చింది. మనిషిని పూడ్చేటప్పుడు అయినవాళ్ళు తలా మూడు పిడికిళ్ళ మట్టి వెయ్యాలి. తన బిడ్డకు అదైనా దక్కలేదన్నదే ఇన్నాళ్ళూ ఆమె కడుపుకోత.

తీరా తోట గేటు దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. లోపలంతా వరసలు వరసలుగా గోరీలు. వాళ్ళలో ఆడవాళ్ళు గోరీల మధ్యకు పోరు. ఆమె తల్లి పోలేదు, అత్త పోలేదు.

"నువ్వే పోయి వెయ్యి. నా వంతు కూడా వెయ్యి" అని మూట మొగుడి చేతిలో పెట్టి గేటు పక్కన కూలబడింది. కన్నది నేను, మోసుకొచ్చింది నేను, వేసేది ఈయన అని లోపల ఒకటే మంట.

కాసేపటికి ఖాదర్ వలి తిరిగొచ్చాడు. మూట ముడి విప్పలేదు. ఆమె లేచి ఎదురెళ్ళింది.

"పేరు లేదా?"

"ఉందే. తోట చూసుకునే ఇమ్మానియేలు వేలు పెట్టి చూపించాడు. మనోడి పేరే."

"మరి మట్టి?"

"యాడ వెయ్యను? గోరీ లేదు. శవం దొరకనోళ్ళందరికీ కలిపి ఒక గోడ కట్టి పేర్లు చెక్కారు. దాని కింద ఎవరూ లేరు." ముసలాయన తువ్వాలు కళ్ళకడ్డం పెట్టుకున్నాడు.

సర్దార్‌బీ ఏడవలేదు. మొగుడి మొహంలోకి చూసింది.

"గోరీ లేదా?"

"లేదంటున్నాగా."

"ఒట్టి గోడేనా?"

"గోడే."

"మరి గోడ దగ్గరికి ఆడది పోగూడదని ఎవరన్నారయ్యా?"

వెనకే వచ్చిన ఇమ్మానియేలు ఒంగోలు వైపు మనిషి. "పక్కన దారుందమ్మా, గోరీల మధ్యకి రానక్కర్లా. రాయి మీద పొయ్యమాక, కింద పూలమడి ఉంది, అందులో వేసుకో" అన్నాడు.

ఆమెకు చదువు రాదు. ఇమ్మానియేలు చూపించిన చోట అరచెయ్యి ఆనించింది. రాయి ఎండకు కాగి ఉంది. "ఎండలో నిలబెట్టార్రా నిన్ను" అంది. తర్వాత వంగి ఒక పిడికిలి వేసింది, రెండోది వేసింది, మూడోది వేసేసరికి కళ్ళ నీళ్ళూ మట్టీ కలిసిపోయాయి. ఎన్నేళ్ళుగానో గుండెల మీదున్న బండ దిగిపోయింది.

"వాడు ఊళ్ళోనే పోయుంటే నన్ను వాకిట్లోనే కూర్చోబెట్టేవాళ్ళు గదయ్యా" అంది చేతులు దులపకుండానే. "నా చేత్తో వేశాను."

తిరుగు రైల్లో గూడూరు దాటాక ఆమే మాట కదిపింది.

"ఇంటికి పోగానే వాడి పరుపు విప్పి దూది ఏకు. బాగా మెత్తగా రావాల."

ఖాదర్ వలి ఉలిక్కిపడ్డాడు. "ఇంకా ఎందుకే?"

"నీ నడుం నొప్పికి. రేపట్నుంచి మనం పడుకుందాం దాని మీద."

ఆ మాట అని ఆయన భుజం మీద తల వాల్చి, ఒంగోలు వచ్చి లేపేదాకా నిద్రపోయింది.