బస్తాకి ఆ చివర చిట్టబ్బాయి

బస్తాకి ఆ చివర పట్టుకున్నది చిట్టబ్బాయని పోలారావు పోల్చుకునేసరికి, బియ్యం మిల్లు గోడౌను గోదాట్లో పంటు పడవలా మెల్లగా కదలడం మొదలుపెడుతుంది, బస్తాల వరసలు ఒడ్డున చెట్లలా వెనక్కి పోతుంటాయి, హమాలీలైన వాళ్ళిద్దరూ ఒక్క బస్తాని లేపలేక వంగే ఉంటారు. చిట్టబ్బాయి పోయిన వేసవిలో చనిపోయాడు. షుగరు ముదిరి, కాలు తీసేశాక, మంచంలోనే. ఇప్పుడు రెండు కాళ్ళ మీదా నిలబడి నవ్వుతున్నాడు.

"ఏం బావా, ఎత్తవేంటి? నా కాలు చూసి కుళ్ళుకుంటన్నావా?"

"నా వల్ల కావట్లేదు. ఇయ్యాల కూడా ఎత్తకపోతే రేపట్నించి రావద్దన్నాడు మేస్త్రి."

చిట్టబ్బాయి తిన్న అన్నం అలాంటిలాంటిది కాదు. కంచంలో గుట్టకి అవతల కూర్చున్న పెళ్ళాం కనపడేది కాదు, పప్పు కావాలంటే కేకెయ్యాలి, పైన పోసిన నెయ్యి కిందకి దిగొచ్చేసరికి పేరుకునేది. మిత్రుణ్ణి ఆ గుట్టే తినేసిందని, అతని పెద్దదినం నాడే పోలారావు అన్నం మానేశాడు. దాంతోపాటే రొట్టె, దుంప, అరటిపండు, చివరికి పప్పు కూడా.

"నిన్ను మింగేసిందది. నేను ముట్టను బావా."

"నన్ను మింగింది కొండ. నిన్ను తినమంటంది గుప్పెడు. పొంగుద్దని పొయ్యిలో కట్టెలన్నీ లాగేత్తే కుండ ఉడుకుద్దా? దంపుడు బియ్యం వండించుకో. అన్నం కంటే కూర ఎక్కువెయ్యమను. ఓ పూట జొన్నరొట్టి తిను. పప్పేం పాపం చేసిందని దాన్నీ వెలేశావ్?"

"ఇయ్యన్నీ నీకెప్పుడు తెలిసినయ్?"

"కాలు తీసేశాక. అప్పుడు చెప్పేవోళ్ళు బోల్డుమంది."

ఎవరూ విప్పకుండానే బస్తా మూతి విచ్చుకుంటుంది, లోపలిది అప్పుడే వార్చిన అన్నం, ఆవిరి గోడౌనంతా కమ్ముకుంటుంది. చిట్టబ్బాయి ముద్ద కలపబోతే మెతుకులు అతని వేళ్ళలోంచి నీళ్ళలా జారిపోతాయి.

"నా చేతికి రాదు బావా. నువ్వు తిను, నేను చూత్తాను."

పోలారావు తిందామనే అనుకుంటాడు, కానీ పళ్ళు తుమ్మజిగురు పెట్టినట్టు అతుక్కుపోతాయి, ఇంతలో బస్తా సాగుతూ సాగుతూ ఏటి వెడల్పు అయిపోతుంది, ఆ చివరనున్న మనిషి చిన్నవాడైపోతుంటాడు.

"ఒక్క ముద్దే," అంటాడు చిట్టబ్బాయి, దాహం అడిగినట్టు. పోలారావు బస్తా మూలనున్న చెవి వదలకుండా బిగించి పట్టుకుంటాడు, ఉన్న బలమంతా పెట్టి.

తెల్లారింది. దుప్పటి కొస అతని గుప్పిట్లో మెలిపడి ఉంది, వేళ్ళు కొయ్యబారాయి. భార్య మాణిక్యం పక్కన కూర్చుని ఒక్కొక్కటే విప్పుతోంది.

"బస్తా ఎత్తలేనివోరికి ఇంత పట్టెక్కడిదండి?" అంటుంది. "గుడ్లు ఉడకెయ్యనా, రోజూలాగా?"

పోలారావు వద్దన్నట్టు తల ఊపుతాడు. మరేం కావాలన్నట్టు ఆమె చూస్తుంది. అన్నమన్న మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది, చిటికెన వేలు ఇంకా దుప్పటిని వదల్లేదు.