మాట వరసకు ఒక సంతకం

నేను ఒక లైబ్రరీని. ఈ మాట వినగానే మీ కళ్ల ముందు బీరువాలు, పాత కాగితాల వాసన, "నిశ్శబ్దం" అని రాసిన అట్టముక్క కనిపిస్తే ఆ పొరపాటు మీది కాదు. కంప్యూటర్ పని చేసేవాళ్లు ఏ ముహూర్తాన పెట్టారో గాని నాకూ అదే పేరు పెట్టారు. ఒకరు రాసిపెట్టిన ఆదేశాల మూటను పదిమందీ తమ ప్రోగ్రాముల్లో ఇముడ్చుకునే వీలుంటే, ఆ మూటను వాళ్లు లైబ్రరీ అంటారు. నాకు అట్ట లేదు, బరువు లేదు. ఉన్నవి నాలుగు వేల పైచిలుకు పంక్తులు. వాటిలో కొన్నింటిని నా నుంచి విడదీసిన సంగతి చెబుతాను. చెప్పడం తప్ప నేను చేయగలిగింది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నా పేరు వరుస. తెలుగు మాటల్ని అకారాది క్రమంలో నిలబెట్టడం నా పని. నన్ను పుట్టించినవాడు విజయనగరానికి చెందిన గొల్లమూడి త్రినాథ్. ఏదో ఆఫీసులో వేరే ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు మధ్యాహ్నం భోజనం అయ్యాక నన్ను రాసేవాడు. నన్ను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఒక్కటే షరతు: నన్ను కలుపుకున్న ప్రోగ్రామును వాళ్లూ పదిమందికీ తెరిచిపెట్టాలి. దీన్నే లైసెన్సు అంటారు. నాకు పుట్టుకతో ఒకటే లైసెన్సు.

"తెలుగు లైబ్రరీ, అందరికీ ఉచితం, ఎవరైనా చేర్చవచ్చు" అని త్రినాథ్ ఒక పేపరు వాళ్లకు చిన్న ప్రకటన పంపాడు. అది చూసి బాపట్ల నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. పేరు కరీమున్నీసా. శాఖా గ్రంథాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి.

"మీ లైబ్రరీ ఏ వీధిలో ఉంది నాయనా? నా దగ్గర రెండొందల పుస్తకాలున్నయ్. చేర్చుకుంటారా?"

"వీధేటండి మేడం, మాది కంప్యూటర్లో ఉంటాదండి."

"అయితే కుర్చీలుండవా?"

"ఉండవండి."

"మరి చదివేవాళ్లు నిలబడే చదువుతారా ఏంది?"

త్రినాథ్ పడీ పడీ నవ్వి, నేనేమిటో విడమరిచి చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. "సరే గాని, మీ వరసలో భారతము, భారతం పక్కపక్కనే ఉంటాయా?" అని అడిగారు.

ఉండేవి కాదు. ఒకటి "ము"తో, ఒకటి సున్నతో ముగుస్తాయి కాబట్టి రెండింటినీ వేర్వేరు మాటలుగా నేను దూరం దూరంగా నిలబెట్టేదాన్ని. పాతవాళ్లు పుస్తకము అన్నా, ఇప్పటివాళ్లు పుస్తకం అన్నా ఒకటే అని నాకు ఎవరూ చెప్పలేదు. "ఆ తేడా వల్ల పుస్తకం బీరువాలో ఉండి కూడా దొరక్క, ఎంతమంది ఉత్త చేతుల్తో వెళ్లిపోయారో నీకేం తెలుసు నాయనా" అన్నారు కరీమున్నీసా గారు.

అరవై మూడేళ్ల వయసులో ఆవిడ కీబోర్డు ముందు కూర్చున్నారు. త్రినాథ్ ఫోన్లో చెబుతుంటే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నాలో రెండు వందల పంక్తులు రాశారు. చివర వచ్చే "ము"ను, సున్నను ఒకటిగా చూడమని మొదటి ఆదేశం. ఆ కిందే ఒక జాబితా, దాని నెత్తిన ఒక హెచ్చరిక: "ఇవి ముట్టుకోవద్దు." పాము, నోము, చీము, సాము, గోము, వాటి వెనకే వానపాము, కట్లపాము, కర్రసాము. వీటిలో "ము" మాటలో భాగం. తీసేస్తే మాట చచ్చిపోతుంది.

ఆ జాబితా ఆవిడ కూర్చుని ఊహించింది కాదు. కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్లు అడిగింది. పాములు పట్టే ఒకాయన కట్లపాము గురించి పుస్తకం ఉందా అని అడిగి, కార్డుల్లో దొరక్క తిరిగి వెళ్లిపోయాడట. ఆవిడ వెతికి తీసి పెట్టినా ఆయన మళ్లీ రాలేదట. కర్రసాము నేర్పే మాస్టారు, నోముల కథలు కావాలన్న ముసలామె. ఎవరు దొరక్క వెళ్లిపోతే వాళ్ల మాటను ఆవిడ ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ నోటుబుక్కే ఇప్పుడు నా కడుపులో ఉంది.

తొమ్మిదేళ్లు గడిచాయి. నన్ను చాలామంది వాడారు. బడి రిజిస్టర్లలో, పుస్తకాల చివర పదసూచికల్లో, పెళ్లిళ్ల పిలుపుల జాబితాల్లో కూర్చున్నాను. వాడుకున్నవాళ్లు బాగున్నప్పుడు పలకరించరు. కాస్త తేడా వస్తే మాత్రం, నన్ను జీతానికి పెట్టుకున్నట్టు, "వెంటనే సరిచేయండి" అని త్రినాథ్‌కు రాస్తారు. మనుషుల్లో ఇదొక చిత్రం. త్రినాథ్‌కు మణికట్లు పట్టేశాయి. ఒక ఆదివారం నన్ను తెరిచి, ఏమీ రాయకుండా చాలాసేపు చూసి మూసేశాడు. వదిలేస్తాడేమోనని ఆ వారమంతా నాకు ప్రాణంలో ప్రాణం లేదు.

అప్పుడే హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వచ్చింది. పిల్లల కోసం ఫోన్లో నిఘంటువు చేస్తున్నారు. నన్ను కలుపుకుంటారు గాని తమ ప్రోగ్రామును తెరిచిపెట్టరు. అందుకు వాళ్లు చెప్పిన దారి జంట లైసెన్సు. తెరిచిపెట్టేవాళ్లకు నేను ఎప్పటిలాగే ఉచితం. దాచుకునేవాళ్లు ఫీజు కట్టి వేరే ఒప్పందం మీద తీసుకోవచ్చు. ఆ ఆధారంతో త్రినాథ్ ఉద్యోగం మానేసి పూర్తిగా నన్నే చూసుకోవచ్చు.

తప్పేముంది? నాకూ తప్పు కనిపించలేదు. కాకపోతే రెండో లైసెన్సు ఇవ్వాలంటే నాలో పంక్తి రాసిన ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. అలా రాసినవాళ్లు పదకొండు మంది. కంపెనీ లాయరు ఒక ఫారం తయారుచేశాడు. "ఈ పంక్తులు పూర్తిగా నా సొంతమని ధ్రువీకరిస్తూ, రెండు లైసెన్సులకూ అనుమతిస్తున్నాను." వారం తిరగకుండా పదిమంది సంతకాలు వచ్చేశాయి. ఒకాయన చదవకుండానే పెట్టాడు. రానిది బాపట్ల సంతకం.

త్రినాథ్ ఫోన్ చేశాడు. అప్పుడు నేను ఇద్దరి తెరల మీదా తెరిచే ఉన్నాను.

"మేడం, ఫారం చూసారాండి?"

"చూశాను. అనుమతి ఇస్తాలే. నీ కష్టం నాకు తెలవదా? ఎవరికి కావాలంటే వాళ్లకిచ్చుకో. కానీ సొంతం అనే మాట తీసేయించు."

"అది తియ్యరండి. ఆ మాట లేకపోతే కాయితం చెల్లదంటన్నారు."

"ఆ మాటలు నాకు కౌంటరు కాడ జనం ఇచ్చినయ్యి నాయనా. పాములాయనది ఒకటి, మాస్టారిది ఒకటి. వాళ్లనడక్కుండా నా సొంతమని ఎట్టా రాసేది?"

"వాళ్లెక్కడున్నారో మనకి తెలీదు కదండీ."

"తెలవదు. అందుకే రాయలేను."

"ఉత్తి మాట వరసకేనండి, మేడం."

"మాట వరసకా! తొమ్మిదేళ్లబట్టి మనం చేస్తున్న పనేంది? మాట వరసే కదూ?"

"మీకు ఆ లైబ్రరీ నెల నెలా జీతం ఇచ్చేదండి. నాకెవరిస్తారు?"

కరీమున్నీసా గారు అన్నారు: "నీదేం తప్పు లేదు. నావి తీసేయ్. నీ పని ఆపబాకు."

తీసేశారు. తీసేసే పంక్తులు తెర మీద ఎర్రగా కనిపిస్తాయి, ఒక్కోదాని ముందు ఒక అడ్డగీతతో. రెండు వందల అడ్డగీతలు. త్రినాథ్ వేలు మీట మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. నేను వద్దనలేను. సరే అని కూడా అనలేను.

ఖాళీ అయిన చోటును పాత పంక్తులు ఎన్నడూ చూడనివాళ్లే నింపాలని లాయరు షరతు. అందుకని సిరిసిల్ల నుంచి యశస్విని అనే అమ్మాయిని పెట్టారు. తెలివైన పిల్ల. అరగంటలో తేల్చేసింది. "గింతేనా సార్? రెండక్షరాల మాటుంటే ముట్టొద్దు. పెద్దగుంటే ము తీసి సున్న పెట్టాలె. అయిపాయె." పాము, నోము, సాము నిలబడ్డాయి. అంతకంటే ముందుకు చూడమని ఆ పిల్లకు ఎవరు చెబుతారు? తెలిసిన ఇద్దరూ చెప్పకూడదు.

అలా నేను రెండుగా చీలాను. ఆ కొత్తదాని పేరు వరుస రెండు. దానికి రెండు లైసెన్సులు, ఒక కంపెనీ, రోజంతా కూర్చుని చూసుకునే త్రినాథ్ ఉన్నారు. ఇలా మాట్లాడుతున్నది పాతదాన్ని. ఒకసారి అందరికీ ఇచ్చింది వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి నన్ను చెరిపేయలేదు. ఆ రెండు వందల పంక్తులూ నాలోనే ఉంచి, "చదవడానికి మాత్రమే" అని తాళం వేశారు. నాలో ఇక ఎవరూ ఒక చుక్క కూడా చేర్చలేరు. కరీమున్నీసా గారి నోటుబుక్కు మాటల్ని నమూనాగా పెట్టిన ఒక వెతుకులాట పేజీ ఉండేది. దాన్ని తీసేయడం త్రినాథ్ మరిచిపోయాడో, మనసొప్పలేదో, అది ఇంకా తెరుచుకుంటోంది.

ఉగాది వెళ్లిన వారానికి కరీమున్నీసా గారు త్రినాథ్‌కు ఫోన్ చేశారు. పిల్లల నిఘంటువు ఆవిడ ఫోన్లోనూ వేయించుకున్నారు.

"ఏంది నాయనా ఇది! కట్లపాం అంట! వానపాం అంట! చూసి నవ్వలేక చచ్చాను. ఆ పిల్లకి చెప్పు, పెద్ద మాట చివర..."

"మేడం! మేడం, ఆగండి. చెప్పొద్దండి."

"ఏం?"

"మీ నోటంట ఒక్క ముక్క వచ్చినా ఆ చోటు మేం ముట్టుకోడానికి లేదండి. మీ దగ్గర్నుంచి తీసుకున్నట్టవుతాదని లాయరు గట్టిగా చెప్పాడు. నేను కూడా చెప్పకూడదండి, పాతది చూసినోణ్ణి కదా."

"మరి ఎవరు చెప్పాలా?"

"ఎవరో ఒకరు... బయటోళ్లు ఎవరైనా తప్పుందని రాయాలండి. అప్పుడు దిద్దొచ్చు."

నోటిదాకా వచ్చిన మాటను మింగడం ఆ వయసులో ఎంత కష్టమో నేను ఆ రోజు విన్నాను. "సరేలే," అన్నారు, "చేతులు ఎట్టున్నయ్?"

"పర్లేదండి. డాక్టరు బాల్ ఇచ్చి నొక్కమన్నాడు."

"నొక్కు నాయనా. మానబాకు."

ఆ తరవాత ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఆవిడ మళ్లీ ఫోన్ చేయలేదు. చేస్తే నోరు జారుతుందని భయమో ఏమో.

ఇది జరిగి నాలుగు నెలలైంది. ఆ బయటివాళ్లెవరూ తప్పుందని రాయలేదు. పెద్దవాళ్లు చూసి, టైపు చేయడంలో పొరపాటు అనుకుని ఊరుకుంటున్నారు. పిల్లలకు అది పొరపాటని తెలియదు.

ఇవాళ పొద్దున నా వెతుకులాట పేజీకి ఎవరో వచ్చారు. ఒక్కో అక్షరం నెమ్మదిగా కొట్టారు: కట్లపాం. కట్లపామును ముట్టుకోవద్దని జాబితాలో ఉంది కాబట్టి, అలాంటి మాట నా దగ్గర లేదని చెప్పాను. నాకు రాయించి పెట్టిన జవాబు అదొక్కటే. వాళ్లు కాసేపు ఆగి వెళ్లిపోయారు.