మూడో పేరా దొంగ

"నేను స్టేజీ ఎక్కను," అన్నారు భావనారాయణ.

టైము పదీ ఇరవై. సభ పదకొండింటికి. నాంపల్లిలోని ఆ హాల్లో కుర్చీలు అప్పటికే సగం నిండాయి. గుమ్మానికి కట్టిన బ్యానర్ మీద ఆయన ఫోటో, కింద 'నూట ఎనభై మంది యువకవులను వెలుగులోకి తెచ్చిన సంపాదకుడు' అన్న మాట.

"ఆ బ్యానర్ అబద్ధమమ్మా," అన్నారాయన, వెనకగదిలో చేతికర్ర మీద గడ్డం ఆనించి. "మా వారపత్రికలో వచ్చిన కవితల్లో ఒక్కటి కూడా నేను ఎంచలేదు. కవిత్వమంటే నాకు పడేది కాదు. వచ్చినవి వచ్చినట్టు బుట్టలో వేసేవాణ్ణి. పేజీలో జాగా మిగిలితే కింద ప్రెస్సువాళ్ళు ఏదో ఒకటి పెట్టి పూడ్చేవాళ్ళు. ఎనభై ఆరేళ్ళొచ్చాక శాలువా కోసం అబద్ధమాడలేను."

ఈ సభ ఏర్పాటు చేసింది లోయిస్. ఆ నూట ఎనభై మందిలో ఆమె ఒకతి. 1986లో, పదిహేడేళ్ళ వయసులో, ఏడు లైన్ల కవిత. నాన్న దేవకుమార్ నాంపల్లి స్టేషన్ బుక్‌స్టాల్లో ఐదు కాపీలు కొని, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, పక్కనున్న పోర్టరుకు చదివి వినిపించాడు. ఇప్పుడామె జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. ఏటా పిల్లలకు ఆ బెంచీ కథ చెబుతుంది. 'ఒకాయన చదివి, నచ్చి, అచ్చు వేశాడు. మీరూ రాయండి.' అలా రాసిన పదహారు మంది పిల్లల పుస్తకం ఈ సభలోనే విడుదల.

గుమ్మం దగ్గర అలికిడయింది. మొదటి కవిత చదవాల్సిన కీర్తి నిలబడి ఉంది. అంతా వింది.

"అంటే మేడం, మీ కవిత జాగ నింపనీకి ఏసిన్రా?"

కీర్తి చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది.

"నేను చదువ. ఇంటికి పోత."

ఆ ఒక్క కవిత ఆ పిల్ల చేత బయట పెట్టించడానికి ఏడాది పట్టింది. అంతకుముందు రెండు నోట్‌బుక్కులు చించి పారేసింది. ఇప్పుడు మెట్లు దిగిందంటే మళ్ళీ పెన్ను పట్టదు.

"పది నిమిషాలు ఆగు, కీర్తీ."

బల్ల మీద, ప్రదర్శన కోసం తెచ్చిన పాత సంచికల బైండు ఉంది. పక్కనే భావనారాయణ చేత్తో రాసిన సంపాదకీయాల కట్ట. లోయిస్ తన కవిత ఉన్న సంచిక తీసింది. అది సంపాదకీయం కిందే ఉంది. ఆ వారం రాతప్రతి వెతికి పక్కన పెట్టి, వేలితో పోల్చుకుంటూ వచ్చింది. మొదటి పేరా ఉంది. రెండోది ఉంది. మూడోది లేదు. నాలుగోది ఉంది.

తర్వాతి వారం. మూడో పేరా లేదు, కింద ఇంకెవరిదో కవిత. ఆపై వారం పేరా ఉంది, కవిత లేదు. ఆపై వారం మళ్ళీ పేరా మాయం.

"సార్, జాగా మిగల్లేదు. మీ పేరా కోసి జాగా చేశారు."

భావనారాయణ కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ చూశారు. "అచ్చయ్యాక నా రాత నేనెప్పుడూ చదవలేదు. ప్రూఫు చూసి సంతకం పెట్టడంతో సరి."

"సంతకం తర్వాత పేజీ ఎవరి చేతిలో ఉండేది?"

"కంపోజిటర్. ఒక్కడే."

"పేరు?"

"పదకొండేళ్ళు పనిచేశాడు. పేరు అడిగిన గుర్తు లేదమ్మా. ఒక్కటి మాత్రం గుర్తుంది. నా బల్లకు అవతల నిలబడి, నేను రాసేది తలకిందులుగానే చదివేసేవాడు. సీసం అక్షరాలు తలకిందులుగా పేర్చేవాళ్ళకు అది అలవాటే."

మెట్ల వైపు కదిలిన కీర్తి చెప్పుల చప్పుడు ఆగింది.

"ఆబిడ్స్‌ల పుస్తకాల తాత గట్లనే చదువుతడు," అంది కీర్తి. "నోట్‌బుక్కు నా చేతుల ఉండంగనే, ఎదురుంగ కూసొని మొత్తం చదివిండు."

ఆ రోజు ఆదివారం, ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు అమ్మే రోజు. లోయిస్, కీర్తి ఆటో ఎక్కారు.

ఆబిడ్స్‌లో మూసిన షట్టర్ల ముందు పుస్తకాలు పరిచి ఉన్నాయి. చిన్నప్పుడు చర్చిలో ఆరాధన ముగిశాక నాన్నతో ఇక్కడే దిగేది లోయిస్. పాత కాగితం వాసన ఇంకా అదే.

"సభ గదా బిడ్డా, గీడేం పని?" అన్నాడు కీర్తిని చూసి, పుస్తకాల వెనక కూర్చున్న ముసలాయన.

లోయిస్ బైండు తన వైపే తిప్పి పట్టుకుని, ఆ పేజీ తెరిచింది. ఆయన అవతల నుంచే చదివాడు.

"'రైలు పోయాక నాంపల్లి స్టేషన్ కాసేపు ఊపిరి తీసుకుంటుంది.'" వేలు ఆ లైను మీద ఆగింది. "గీ పిల్ల మళ్ళ రాసిందో లేదో."

"రాసింది," అంది లోయిస్.

కీర్తి ఆగలేదు. "తాతా, జాగ ఉండెనని ఏసినవా?"

"జాగ యాడుండె బిడ్డా? కవిత చూసినంకనే జాగ కోసిన. వారానికి ముప్పై, బుట్టలకెళ్ళి తీసి చదివేటోన్ని. మంచిది దొర్కకపోతే ఆ వారం సార్ పేరా బతికేది."

కీర్తి బ్యాగులో చెయ్యి పెట్టి, మడత కాగితం బయటికి తీసింది.

"లెవ్వు తాతా, సభకు పోదాం. ఆటో నిలవెట్టినం."

పదకొండూ పదికి వెనకగదిలో ముసలివాళ్ళిద్దరూ ఎదురుపడ్డారు.

"నువ్వేనా?"

"ఔ సార్. మూడో పేరాల ఎప్పుడు రెండో పేరానే మళ్ళ చెప్తుంటిరి. గా పేరా ఏదని ఒక్కలన్న అడిగిన్రా?"

భావనారాయణ చేతికర్ర ఊగింది. ఆయన నవ్వుతున్నారు. "నేనే అడగలేదు కదయ్యా. నడు, స్టేజీ ఎక్కుదాం."

మైకు ముందు ఆయనకు ఒక పక్క కంపోజిటర్, మరో పక్క కీర్తి. కీర్తి చేతిలో కాగితం మడతలు విప్పి ఉంది.

"నూట ఎనభై మంది కవులను తెచ్చింది నేను కాదు," అన్నారు భావనారాయణ. "మా ప్రెస్సులో ఒక దొంగ ఉండేవాడు. నా రాత కోసి, ఆ జాగాలో ఈ పిల్లల్ని నిలబెట్టాడు. వాడి పేరు..."

ఆగారు. మైకును అరచేత్తో మూసి పక్కకు వంగారు.

"నీ పేరేంటయ్యా?"

విన్నారు. చెయ్యి తీశారు.

"బాలమల్లు."