మూడో పిలుపు

ఆర్విడ్ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి నాచు లాగుతున్నాడు. దంతె దూరంగా విసరడం, అడుగు తగిలాక మెల్లగా ఈడ్చుకోవడం, పళ్ళకు చుట్టుకున్న పచ్చటి తీగల్ని ఒడ్డున దులపడం, మళ్ళీ విసరడం. కాబిన్లలో గెస్టులు లేచేలోపు ఈత కొట్టే జాగా శుభ్రంగా ఉండాలి. రాత్రి వాన పడింది. చెరువు మీద పొగమంచు ఇంకా విడలేదు. నాలుగు విసుర్లకోసారి ఆగి, బోట్‌షెడ్డు వెనకున్న ఇసుక కుప్ప వైపు చూస్తున్నాడు.

కుప్ప నున్నగా ఉంది. వాన చినుకుల గుంటలు తప్ప దాని మీద ఇంకే గుర్తూ లేదు.

మంచు కరిగాక బీచ్‌కి లారీడు ఇసుక వస్తుంది. అంతా పరిచేసి, షెడ్డు వెనక ఒక్క కుప్ప మాత్రం జూలై దాకా వదిలేస్తాడు ఆర్విడ్. "ఆ దిబ్బేంటయ్యా, చూడ్డానికి అసహ్యంగా" అని ఓనరమ్మ ఏటా అంటుంది. "తీసేస్తాలెండి" అని అతనూ ఏటా అంటాడు. జూన్లో వాన పడిన మర్నాడు ముసల్ది గుడ్లు పెట్టడానికి ఆ కుప్ప ఎక్కుతుందని ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు.

ముసల్దంటే స్నాపర్ తాబేలు. గెస్టుల కంటికి తాబేళ్ళన్నీ ఒకటే. దుంగల మీద వరసగా కూచుని ఎండ కాగే ఎర్రంచు తాబేళ్ళు వేరు, ఇది వేరు. ఇది ఎండకి ఎక్కడం బహు అరుదు. తోక చూస్తే చాలు, రంపప్పళ్ళలా గట్లు గట్లుగా, ఒంటి పొడవుకు కాస్తే తక్కువగా ఉంటుంది. వీపు చిప్ప మీద పాచి. తలేమో మనిషి పిడికిలంత. పొట్ట కింద చిప్ప బొత్తిగా చిన్నది, లోపలికి ముడుచుకుందామన్నా చోటుండదు. దాక్కోలేనిది కాబట్టే కరుస్తుంది. నీళ్ళలో మనిషి అలికిడైతే తనే తప్పుకుపోతుంది. గట్టు మీద తప్పుకునే దారి ఉండదు, అక్కడే జాగ్రత్త. ముసల్దాని చిప్పకు వెనక కుడివైపు ఒక నొక్కు ఉంది, ఎప్పుడో మోటారు పడవ రెక్క తగిలి ముక్క ఎగిరిపోయిన గుర్తు. ఆ నొక్కును ఆర్విడ్ నీళ్ళలో కూడా పోల్చుకుంటాడు.

పిల్లలు ఈదే చోటే అదీ తిరుగుతుంది. ఇన్నేళ్ళలో ఎవరి కాలివేలూ పోలేదు. ఆర్విడ్ పాటించేది ఒకటే. చేపలు కోశాక తలలూ పేగులూ పడవలు కట్టే డాక్ మీంచి నీళ్ళలో పారేయనివ్వడు. బకెట్లో ఎత్తి అడవిలో గొయ్యి తీసి పూడుస్తాడు. మనుషులుండే చోట తిండి దొరుకుతుందని దానికి అలవాటు కాకూడదు.

"ఆర్విడ్ గారూ, పొద్దున్నే మొదలెట్టేశారా?"

మూడో కాబిన్ మెరెడిత్, కాఫీ కప్పుతో డాక్ మీదికి వచ్చింది. డాలస్ నుంచి మొగుడితో, ఇద్దరు పిల్లలతో మొన్ననే దిగింది. గలగలా మాట్లాడే మనిషి.

"ఎండెక్కితే చెయ్యలేనమ్మా."

"పాన్‌కేక్‌లు వేస్తున్నా. వచ్చి రెండు తినండి."

"అబ్బే, వద్దమ్మా. తిన్నాను."

తినలేదు. ఇంకోసారి అడుగుతుందేమోనని దంతె నెమ్మదిగా దులిపాడు. ఆమె కాఫీ తాగుతూ చెరువు చూసింది.

"మీకో సంగతి చెప్పాలి. నిన్న పొద్దున మావారు ఆ గేటు దగ్గర రోడ్డు మీద ఇంత తాబేలును పట్టారు. భూతంలా ఉందనుకోండి. పార మీద తోసి, చేపల తొట్టిలో వేసి, బాస్ చెరువు దాకా కార్లో తీసుకెళ్ళి వదిలేశారు. అక్కడ కాబిన్లు లేవు కదా, దాని బతుకేదో అది హాయిగా బతుకుతుంది. మా పిల్లలకీ భయముండదు."

ఆర్విడ్ విసరబోయిన దంతెను దించాడు.

"వెనకాల చిప్పకు నొక్కు ఉందామ్మా?"

"ఉంది, కొరికేసిన బిస్కట్‌లా. మీరెరుగుదురా దాన్ని?"

"చూశాలెండి, అప్పుడప్పుడు."

"మంచి పనే చేశాం కదా?"

ఆమె మొహం చూస్తే నిజంగానే మంచి మొహం. "మంచిదేనమ్మా" అన్నాడు. తాబేలుకు చెరువంటే నీళ్ళు కాదని, పుట్టి పెరిగిన దారులని, వేరేచోట వదిలితే అక్కడ ఉండక ఇంటివైపు నడుస్తూ రోడ్డున పడుతుందని చెప్పలేదు. చెబితే ఆమె సెలవలు పాడవుతాయి. అది ఇప్పుడు కడుపు నిండా గుడ్లతో, కలప లారీలు తిరిగే దారిన ఎక్కడో ఉంటుంది.

ఆర్విడ్ వాళ్ళ ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. మొదటిసారి పిలిస్తే వద్దనాలి. రెండోసారి పర్లేదనాలి. మూడోసారి కూడా పిలిచారంటే నిజంగా రమ్మంటున్నారన్నమాట, అప్పుడు "సరే, కొంచెం" అనాలి. ముందే ఒప్పుకున్నవాణ్ణి మొహమాటం లేనివాడంటారు. ఆర్విడ్‌ను మాత్రం జన్మలో ఎవరూ ఆ మాట అనలేదు.

ఈ రిసార్ట్‌లో ఒక్క వేసవి పనికని వచ్చినవాడు, నలభై ఏళ్ళ పైనే అయింది. మొదట్లో వంటింట్లో లెనోర్ అనే అమ్మాయి పనిచేసేది. ఒమాహా పిల్ల. రొట్టె పిండి మోచేతుల దాకా అంటించుకుని తిరిగేది. సెప్టెంబర్లో కాబిన్లు మూసేశాక బస్టాపులో దిగబెట్టడానికి వెళితే, "నాతో వచ్చెయ్యరాదూ" అంది. "ఇక్కడ డాక్‌లు పీకి ఒడ్డుకు చేర్చాలి కదా, చలికాలం వస్తోంది" అన్నాడు. బస్సెక్కి కిటికీ లోంచి మళ్ళీ అడిగింది. "చూద్దాంలే" అన్నాడు. బస్సు కదిలింది. మరుసటి వేసవికి వంటింట్లో ఇంకొకామె వచ్చింది. అదే జూన్లో ఇసుక కుప్ప మీద ముసల్దాన్ని మొదటిసారి చూశాడు. అప్పటికి అది కూడా వయసులోదే.

పది రకాల పనులున్నాయి. చేపల గది కడిగాడు. ఐదో కాబిన్లో కుళాయి వాషర్ మార్చాడు. మధ్యాహ్నం గుడ్డు సాండ్‌విచ్ నిలబడే తిని, ఎరలు అయిపోయాయని ట్రక్కు తీసుకుని రూబెన్ కొట్టుకు వెళ్ళాడు. ఎలాగూ బాస్ చెరువు దారి అటే.

"ఏరా, మొహం అలా పెట్టావ్? చేపేదైనా కొరికిందా?" అన్నాడు రూబెన్. బల్ల వెనక, పురుగుల డబ్బాల మధ్య, కదలకుండా కూచునే బండ మనిషి.

ఆర్విడ్ సంగతి చెప్పాడు.

"ముసల్దా? అయ్యో. మా నాయనుంటే ఈపాటికి సూప్ కాచేసేవాడు."

"నీ నాయన పళ్ళకు దిగేంతగా అది ఉడికేది కాదులే."

"ఉడక్కపోతే మా అమ్మని తిట్టేవాడు." రూబెన్ నవ్వి, నవ్వు ఆపాడు. "ఒరేయ్, గుండెలో స్టెంటు వేసి నాలుగు నెలలు కాలేదు. పాల డబ్బా కంటే బరువెత్తొద్దన్నాడు డాక్టరు. అది నిండు బకెట్టంత ఉంటుంది. నేనూ రానా?"

"ఎందుకులే, కొట్టు ఉంది నీకు."

"కొట్టు ఎక్కడికి పోద్ది. వస్తానంటే వస్తా."

"పర్లేదురా. రబ్బరు పట్టా ఉంది, ఈడ్చేస్తా."

ఆర్విడ్ ఎరల డబ్బా మూత తీసి, చూసి, మళ్ళీ పెట్టాడు. అంతలో తలుపు గంట మోగింది. ఎవరో తండ్రీకూతుళ్ళు గాలం దారం అడుగుతూ వచ్చారు. రూబెన్ అటు తిరిగాడు. ఆర్విడ్ కాసేపు నిలబడి, డబ్బా చంకన పెట్టుకుని బయటికొచ్చాడు.

బాస్ చెరువు దారిన ట్రక్కును నడకలా పోనిచ్చాడు. నల్లటి ప్రతి టైరు ముక్క దగ్గరా ఆగాడు. ఒకచోట ఎర్రంచు తాబేలు ఒకటి చితికి ఉంది. దాన్ని పారతో ఎత్తి గడ్డిలో వేశాడు. వంతెన దాటాక మలుపులో, తెల్ల గీత మీద, ఒక రాయి ఉంది. రాయికి తోక ఉంది.

వెలిగి ఆరే హెచ్చరిక లైట్లు వేసి ట్రక్కును అడ్డంగా ఆపాడు. ముసల్ది అతన్ని చూసి వెనక కాళ్ళ మీద లేచి బుస్సుమంది. చిప్ప ఎండి బూడిద రంగుకు తిరిగింది. తల మాత్రం దక్షిణానికి, ఇంటివైపే.

"ఎటు తిరిగుంటే అటే పంపాలి" అని గెస్టులకు ఎన్నిసార్లో చెప్పాడు. వెనక్కి పెడితే మళ్ళీ అదే రోడ్డు దాటుతుంది. కానీ ఇది తిరిగిన వైపు ఇంకా చాలా దూరం, మధ్యలో లారీలు.

ట్రక్కులో కాళ్ళ కింద వేసే రబ్బరు పట్టా తెచ్చి వెనకవైపు నుంచి జొనిపాడు. తోక పట్టుకుని ఎత్తేవాళ్ళుంటారు, వెన్నుపూస విరుగుతుంది. ముందు వైపుకు చెయ్యి పోనివ్వకూడదు, మెడ సాచిందంటే చిప్ప మధ్య దాకా వస్తుంది. పట్టా మీదికి ఎక్కించి రోడ్డు పక్కకు ఈడ్చాడు. అంతవరకు బాగానే ఉంది. ట్రక్కు వెనక తలుపు అతని నడుమెత్తు. ఎక్కించే పలక షెడ్డులో ఉండిపోయింది.

ఫోను తీశాడు. రూబెన్ పేరు మీద వేలు పెట్టాడు. ఒక తాబేలు కోసం కొట్టు మూసుకుని రమ్మనడమేంటి? ఇంకోసారి అని ఉంటే వేరు. ఫోను జేబులో పెట్టాడు.

వెనక కాళ్ళ పైన చిప్ప అంచు కింద రెండు చేతులూ దూర్చి, అన్నం గంగాళం ఎత్తినట్టు ఎత్తాడు. అది గాలిలో కాళ్ళు ఝాడించింది. గోళ్ళు మణికట్టును చీరాయి. దవడలు ఖాళీని కొరికిన చప్పుడు తలుపు వేసినట్టు వినిపించింది. బురద కంపు. తలుపు మీదికి చేర్చి తోసేసరికి కళ్ళ ముందు రోడ్డు తెల్లబడింది. చక్రానికి ఆనుకుని కూచున్నాడు. ఎడమ చెయ్యి తనది కానట్టుంది. కాసేపటికి లేచాడు.

రిసార్ట్‌కు వచ్చేసరికి పొద్దు వాలింది. మూడో కాబిన్ ముందు పొయ్యి మీద మాంసం కాలుతోంది. "ఆర్విడ్ గారూ, భోజనానికి రండి" అని మెరెడిత్ కేకేసింది. ఆర్విడ్ కుడి చెయ్యి ఊపాడు. "పర్లేదమ్మా, పనుంది." ఆమె పట్టకారుతో సరేనన్నట్టు ఊపి పొయ్యి వైపు తిరిగింది.

షెడ్డు వెనక పలక వాల్చి ముసల్దాన్ని జారవిడిచాడు. అది చాలాసేపు కదల్లేదు. ఆర్విడ్ మడత కుర్చీ తెచ్చుకుని దానికి వెనకగా, దూరంగా వేసుకున్నాడు. కంటబడితే గుడ్లు పెట్టకుండా పోతుంది.

ఇసుక వాసన తెలిసిందో ఏమో, లేచి కుప్ప ఎక్కింది. వెనక కాళ్ళతో ఒకటి తర్వాత ఒకటిగా తవ్వింది. కుడి కాలు ఇసుక తీయడం, పక్కన పెట్టడం, తర్వాత ఎడమ కాలు. అతను దంతె లాగినట్టే. తర్వాత తెల్లటి గుండ్రటి గుడ్లు ఒక్కొక్కటే రాలడం మొదలైంది. ఆర్విడ్ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూశాడు. చొక్కా చల్లటి చెమటకు తడిసింది. రూబెన్‌కు ఫోను చేద్దామా అనుకున్నాడు. ఇది అయిపోనీ అనుకున్నాడు.

అది గుంట పూడ్చి, పొట్టతో అదిమి, వెనక్కి చూడకుండా కుప్ప దిగింది. అతని కాళ్ళ పక్క నుంచే, బూట్లు రాసుకుంటూ వెళ్ళింది. నీళ్ళు అందగానే చిప్ప నల్లగా మెరిసింది. నొక్కు ఒక్క క్షణం కనిపించి మునిగిపోయింది.

ఆర్విడ్ లేచాడు. గుడ్లు తినే రకూన్లు వచ్చి తవ్వకుండా గుడ్ల మీద పెట్టడానికి ఇనప జాలీ కొట్టిన చెక్క చట్రం ఒకటి షెడ్డు గోడకు ఆనించి ఉంటుంది. దాన్ని ఒంటి చేత్తో ఈడ్చుకొచ్చి గుంట మీద బోర్లించాడు. పైన రాయి పెట్టాల్సింది. ముందు కాస్త కూచుందామని కుర్చీలో వాలాడు. చెరువవతల లూన్ పక్షి కూసింది. మళ్ళీ కూసినప్పుడు వినడానికి ఆర్విడ్ లేడు.

ఇంకా వెలుతురుండగానే మెరెడిత్ షెడ్డు పక్కగా వచ్చింది.

"రెండుసార్లు పిలిచా, రాలేదు. ఇంక నేనే తెచ్చా. ఈసారి వద్దంటే ఒప్పుకోను."

 కుర్చీలో అతని తల ఒక పక్కకు వాలి ఉంది. పొద్దున్నించి నాచు లాగిన మనిషి, నిద్రపట్టేసింది పాపం అనుకుంది. లేపబుద్ధి కాలేదు. పళ్ళెం ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసి, ఇసుక మీద బోర్లించిన చట్రం కనబడితే దాని మీద పెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది.

జాలీ మీద, రాయి పెట్టాల్సిన చోట, పళ్ళెం. పైన కప్పిన వెండికాగితం లోపలివైపు ఆవిరి చినుకులు పట్టి, మెల్లగా చల్లారుతోంది.